తొమ్మిది

ఎనిమిది వారాల శిక్షణ.
మొదటి వారం యాంకరేజ్‌లో,
కిటికీలు తెరుచుకోని గదిలో
మాకు అంకెలు నేర్పారు.
ఒకటి అంటే పరీక్ష అయింది.
రెండు అంటే కాలేదు.
ఎనిమిది, తెలియదు.
తొమ్మిది అంటే నిరాకరించారు.

తొమ్మిది దగ్గర ఎవరూ ఆగలేదు. నేనూ ఆగలేదు.
కాఫీ చల్లారిపోతోంది,
స్టైపెండ్ కాగితం మీద ఇంకా సంతకం పెట్టాలి.

మూడో వారం, కుస్కోక్విమ్ నది పాయల మధ్య
ఆరు సీట్ల విమానంలోంచి దిగాను.
ఒళ్ళో పరీక్ష గొట్టాల పెట్టె.
వెనక సీట్లో డైపర్ల కట్టలు, ఒక పడవ ఇంజను.
మా అమ్మ పుట్టింది ఈ నీళ్ళ మీదే,
ఇంకా దిగువన ఒక ఊళ్ళో.
దరఖాస్తులో ఆ మాట రెండుసార్లు రాసుకున్నాను.

అగ్రఫీనా వస్సిలీ వంటింట్లో చేపలు కోస్తోంది,
అర్ధచంద్రం లాంటి కత్తితో, నా వైపు చూడకుండా.
"ఆస్పత్రి ఎన్ని మైళ్ళు?" అని అడిగాను.
"ఏ నెలలో?" అంది.

నది గడ్డకట్టాక మంచుబండి మీద మూడు గంటలు.
వేసవిలో పడవ, గాలి ఒప్పుకుంటే.
మే నెలలో మంచు విరిగేటప్పుడు
నది దారీ కాదు, నీరూ కాదు.
అప్పుడు ఆస్పత్రి ఉండదు.
"మా నికిఫోర్‌కి మేలోనే రక్తం పడింది" అంది,
ఆపైన కత్తి చప్పుడే.

నా గడిలో ఒక్క అంకెకే చోటు.
తొంభై రెండు అని రాశాను.

గొట్టం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి
పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది.
"డెబ్బై నాలుగేళ్ళొచ్చినా నేను యాంకరేజ్ చూడలేదు.
ఇది చూసొస్తుందన్నమాట!"
మర్నాడు పొద్దున్నే తెచ్చిచ్చింది,
రొట్టెల సంచిలో చుట్టి, పైన మనవడి చేతితొడుగు కప్పి.
కడుపులో మాట చెప్పుకున్నట్టు
చుట్టూ చూసి మరీ ఇచ్చింది.

అలా ఇరవై మూడు గొట్టాలు.
ఒక్కోదానికి ఏడు రోజులే ఆయుష్షు.

అప్పుడు పొగమంచు దిగింది.
రేడియోలో మోజెస్ గొంతు: ఈరోజు లేదు.
ఈరోజూ లేదు.
అయిదో రోజు నెత్తి మీద ఇంజను వినిపించింది,
ఊరంతా తలెత్తింది,
చప్పుడు ఒకసారి చుట్టి వెనక్కి పోయింది.
ఎనిమిదో రోజు ఆకాశం
ఏమీ ఎరగనట్టు వెలిగింది.

డాక్టర్ లిండ్‌క్విస్ట్ మంచి మనిషి.
నాకోసం బ్లూబెర్రీ రొట్టె దాచి ఉంచింది.
"ఫలితం రాలేదుగా, తొమ్మిది వేసెయ్.
మేమంతా అలాగే వేస్తాం."

ఒకటి వేశాను. అగ్రఫీనా పేరు పక్కన.
వేశాక పాత సంవత్సరాలు తెరిచి చూశాను.
తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది,
ఎండుగడ్డిలో నిప్పులా నిలువు వరస పొడుగునా.
కింద నివేదికలో చక్కటి వాక్యం:
ఈ ఊళ్ళలో పరీక్షల పట్ల విముఖత ఎక్కువ.

ఇందులో విముఖత ఎంత?
మబ్బు ఎంత?
పైలట్‌కి జ్వరం వచ్చిన మంగళవారాలు ఎన్ని?
లెక్కకు రానివాళ్ళని అన్నాం,
లెక్క వాళ్ళ దాకా వెళ్ళనే లేదు.

కొత్త కోడు అడిగాను. పుస్తకం అచ్చయిపోయింది అన్నారు.
తొమ్మిది చెరిపాను.
పక్కన ఖాళీలో చేత్తో రాశాను:
ఇచ్చింది. విమానం రాలేదు.
ఇరవై మూడుసార్లు రాశాను, కాపీ చెయ్యకుండా.
డాక్టర్ చాలాసేపు చదివింది.
రొట్టె గురించి మళ్ళీ మాట్లాడలేదు.
సాయంత్రం మాత్రం పాత ఫైళ్ళ గది తాళం
నా బల్ల మీద ఉంది.

ఎనిమిదో వారం ఊరికి ఫోన్ చేశాను.
"చూసొచ్చిందా?" అంది అగ్రఫీనా.
లేదని చెప్పాను. ఎందుకో చెప్పాను.
అవతల నీళ్ళ కుళాయి కట్టేసిన చప్పుడు.

"సరే, ఇంకోటి పంపు.
ఈసారి వాతావరణం కనుక్కుని పంపు."