ఎనిమిదో రీలు

సఖినేటిపల్లి రేవులో పంటు ఒరిగిన రాత్రి
ఏడు డబ్బాలే ఒడ్డెక్కాయి.
ఎనిమిదోది గోదారి చూసింది.

అందుకే మా రాజోలు టాకీసులో
చుక్కల అవతలి చీకటి
ఒక్కో గ్రహాన్నీ చప్పరించుకుంటూ వచ్చి
భూమి గుమ్మంలో నిలబడేది.
అంతే, తెర తెల్లబడేది.
వెలుగు గెలిచిందో లేదో
ఆపరేటర్ ఏసుపాదానికీ తెలీదు.

మూడోరోజుకి మిగిలింది పదకొండుమందిమి.
కొబ్బరి దింపువాళ్ళు, సోడాల మంగాయమ్మ,
ఇంటర్ తప్పిన నేను, ఇంకెవరెవరో.
ఏటా వానలప్పుడు చందాలేసుకుని
అదే బొమ్మ మళ్ళీ ఆడించుకున్నాం.
ముగింపు ఎవడికి వాడు చెప్పుకునేవాడు.
మంగాయమ్మ మాత్రం
"గెలవడాలేంటండీ,
రెండూ ఒకింటివే. గట్టు తగువు" అనేది.

ఆ శ్రావణంలో నిజం గట్టే తెగింది.
టాకీసు డాబా మీద మేం,
మధ్యలో ఒక పెట్రోమాక్సు.
చుట్టూ చుక్కల్లేని నీళ్ళు
ఊళ్ళో దీపాల్ని ఒక్కోటీ చప్పరిస్తూ.
ఏసుపాదం నా చెవిలో అన్నాడు:
"ఇదేరా, ఆ రీలు."

తెల్లారగట్ల నీళ్ళమీద
కీచుమని గోళీసోడా మోత.
అరటిబోదెల తెప్పమీద మంగాయమ్మ.
"ఎంతమందున్నారండీ?"

లెక్కపెట్టుకున్నాం.
ఆవిడతో కలిపి పది.