పదకొండు వేల ఆరు వందలు

నేను పాడిన మొదటి పాట చిట్టి పాట.
చేతికొచ్చినయి పదకొండు వేల ఆరు వందలు.
మిర్యాలగూడల సౌండ్ దుకాణం ముంగట
నిలవడ్డ.
లైట్లు నా మొఖం మీద తిరుగుతున్నయి
ఎర్రగ, పచ్చగ, మళ్ల ఎర్రగ.

"లైట్లకు పడ్డోడు లైట్ల కాడనే ఆగుతడు"
అన్నడు జానయ్యన్న, బీడీ ఆర్పుకుంట.
"బాస్ డబ్బాలు కిరాయికొస్తయి,
జనరేటర్, ట్రాలీ ఆటో, అన్నీ వస్తయి.
చెవులు కిరాయికి రావు తమ్మీ."

అందుకే ముందుగాల హెడ్‌ఫోన్.
రెండు వేల రెండు వందలు,
రూపాయి తగ్గలే.

హుజూర్‌నగర్‌ల దందా బంద్ పెట్టినాయన కాడ
పాత కంట్రోలర్.
ఎడమ చక్రం మీద పసుపు మరక,
ఎవరి పెండ్లిదో.
క్రాస్‌ఫేడర్ వదులు.
"పాలపన్ను లెక్క ఊగుతది, ఊడదు" అని
ఎనిమిదిన్నరకు ఇచ్చిండు.
బస్సుల ఒళ్లె పెట్టుకొని కూసున్న,
టికెట్ అడగలే దానికి.

ల్యాప్‌టాప్ చెల్లెది.
డిగ్రీ రికార్డులు రాసుకున్నంకనే ఇస్తది,
అదీ పది దాటినంక.

రైస్ మిల్లు వెనుక మా రూము.
గోడ అవతల బెల్టు తిరుగుతది
ధడక్,
ఒక్క ఆగుడు,
ధడక్ ధడక్.
దాని నడకకు పాటను సాగదీస్తున్న
కొంచెం, ఇంకొంచెం,
ఎక్కువైంది, వెనక్కి.
మూడో రాత్రి కలిసింది.

ఎవలికీ వినవడలే.
అమ్మ అటు మళ్లి పండుకున్నది.
"ఛార్జర్ గుంజకురా" అన్నది చెల్లె నిద్రల.
నా రెండు చెవుల నడుమ మాత్రం
బరాత్ పోతనే ఉన్నది,
గుర్రం లేదు, పెండ్లి పిలగాడు లేడు.