గాడి

ఆదివారం ఆరున్నరకి ఎర్మీనియు
రొట్టెల కొట్టు గోడకి సైకిలు ఆనించి నిలబడి ఉంటాడు.
డెబ్బై మూడేళ్ల మనిషి. బరువైన ఇనప సైకిలు.
వెనక జేబులో ఒక ఉల్లిపాయ, ఎందుకని అడగలేదెప్పుడూ.
నేనొచ్చానా అని తల తిప్పడు,
నా గొలుసు చప్పుడు విని పెడలు మీద కాలేస్తాడు.

అలెంతేజులో నేల ఎక్కడా చదునుగా ఉండదు.
దిగినంత దూరం అప్పు,
వచ్చే మిట్ట దగ్గర వడ్డీతో కట్టాలి.
కోత అయిపోయిన గోధుమ మళ్లు.
కరెంటు స్తంభాల మీద కొంగల కాపురాలు.
పాలరాయి ఎంత చవకంటే
బస్టాపు అరుగు కూడా అదే,
దాని మీద పొట్ట ఆనించి ఓ కుక్క
మనకంటే తెలివిగా వేసవి గడుపుతోంది.

నిలువురాళ్ల దగ్గర బస్సు దిగిన ఒకావిడ
ఇవి ఎన్నాళ్ల నాటివని అడిగింది.
"మా అమ్మ కంటే ముందువి" అన్నాడు,
నీళ్ల సీసా మూత పెట్టుకుంటూ.

గుట్ట మీద కోట
ఒక మలుపులో కుడిచేతికి, ఇంకో మలుపులో ఎడమకి.
దగ్గరికి మాత్రం రాదు.
వారం పొడుగునా ఆ గుమ్మంలో టికెట్లు చింపేది నేనే.
రాజుల పేర్లు అప్పచెప్పి అప్పచెప్పి
నాలిక మీద దుమ్ము.
ఆదివారం దాని వైపు వీపు పెట్టి తొక్కుతాను.

రోమన్ల వంతెన దగ్గర ఇద్దరం దిగి నడుస్తాం.
బండి చక్రాలు వందల ఏళ్లు అరగదీసిన చాళ్లు
రాతిలో రెండు, నా సన్న టైరుకి కొలిచినట్టు.
గాడిలో పడ్డావంటే మంచిమాట కింద లెక్క.
నేను నిరుడు నిజంగానే పడ్డాను,
మోచెయ్యి ఎముక దాకా చీరుకుంది.
ఏ ద్రాక్షసారా జాడీలు మోసుకుపోతూనో,
కునికిపాట్లు పడుతూనో,
పేరు తెలియని బండివాడొకడు
ఇంత కాలం ఆగి నన్ను పడేశాడు.
కుట్లు విప్పిన రోజు నాకు మొదటిసారి అనిపించింది,
వాళ్లు ఇక్కడ నిజంగా ఉండేవాళ్లని.

వంతెన దాటితే కార్క్ చెట్లు.
బెరడు వలిచిన ఏడాది చివరి అంకె
మొండేల మీద తెల్ల రంగుతో.
ఈ తోపంతా ఏడు. ఏడు, ఏడు, ఏడు.
అందరూ ఒకే నంబరు కట్టుకుని
ఎవరూ కదలని పందెం.
ఈ ఏడు వేసింది ఎర్మీనియు ముఠాయే.
తొమ్మిదేళ్లు నిండాయి, మళ్లీ గొడ్డళ్లు దిగాయి లోపల.

టక్. టక్. ఫర్రున ఊడే బెరడు.
టక్.
అతను బ్రేకు నొక్కాడు.
దిగుడులో కూడా నొక్కని మనిషి.
"లోతు దిగింది" అన్నాడు, "తల్లి పొరకి తగిలింది."
నాకు ఆ దెబ్బకీ ముందు దెబ్బకీ తేడా తెలియలేదు.
సైకిలు గడ్డిలో పడేసి
మేకులున్న బూట్లతో టకటకా
చెట్ల మధ్యకి వెళ్లిపోయాడు.

నేను రెండు సైకిళ్లకి కాపలా.
చీమలు. ఎండ. ఎవరో కుర్రాడు ఎదురు చెప్పిన గొంతు,
తర్వాత గొంతులేవీ లేవు.
తర్వాత టక్, కాస్త మెత్తగా.
ఇంకొకటి, ఇంకా మెత్తగా.

వచ్చేసరికి ఉల్లిపాయ సగమే ఉంది,
మిగతా సగం ఆ కుర్రాడికి ఇచ్చినట్టున్నాడు.
చేతులు వణుకుతున్నాయి. హ్యాండిలు పట్టుకున్నాక ఆగాయి.
ఏం చెప్పావు వాడికని అడిగాను.
"మణికట్టు" అన్నాడు.

ఆఖరి మిట్ట మీద ఎప్పుడూ నేనే ముందు.
ఇవాళ అతను దాటి పోయాడు, అడగకుండా.
ఏదో చెట్టుకి వీపు ఆనించినట్టున్నాడు, రంగు ఆరకముందే.
చెమట చొక్కా మీద తిరగబడ్డ సగం ఆరు,
తెల్లగా, ఒక భుజం నుంచి వెన్ను దాకా.
చెప్పలేదు నేను.
ఊరు వచ్చేదాకా దాని వెనకే తొక్కాను.