మూడో ముడి

ముహు దీవి రేవులో, టికెట్ల గదిలో,
జనవరి మధ్యాహ్నం మూడున్నరకే దీపం వేసుకుని
నేనొక లోకాన్ని కడుతున్నాను.
చెల్లని టికెట్ల వెనకవైపు రాస్తాను.
ఒకదాని మీద పర్వతం,
ఇంకోదాని మీద దాని నీడ.
సైకిళ్ళకిచ్చే పచ్చ టికెట్టు మీద
రాజవంశం మొత్తం పట్టింది,
ఇద్దరు దాయాదులు తప్ప.

నా కథలో ఒక పడవవాడున్నాడు.
నడుముకి తాడు, తాడుకి మూడు ముళ్ళు.
మొదటిది విప్పితే పిల్లగాలి.
రెండోది విప్పితే తెరచాప నిండా గాలి.
మూడోది ఇంకా ఎవరూ విప్పలేదు.
ఇది నా సొంత ఊహేం కాదు.
గాలిని ముడేసి అమ్మేవాళ్ళు ఈ తీరంలో ఉండేవారని
మా అమ్మమ్మ చెల్లెలు హెల్గి
చేపలకి పొగపెడుతూ చెప్పేది,
కళ్ళు మండి ఏడుస్తూ, నవ్వుతూ.

శనివారం మా తమ్ముడి కొడుకు ఊకు వచ్చాడు.
తొమ్మిదేళ్ళు. ఊడిన పన్ను సందులోంచి ఈల వేస్తాడు.
హీటరు పక్కన కూర్చోబెట్టి చదివి వినిపించాను:
తుఫానులో రాత్రంతా తెడ్డు వేసి
అరచేతులు చీరుకుపోయి
పడవవాడు ఒడ్డు చేరిన అధ్యాయం.
బాగా రాశాననే అనుకున్నాను.
వాడు బూటు లేసు లాక్కుంటూ అడిగాడు:
"నడుముకి గాలి కట్టుకుని
తెడ్డెందుకేశాడు?"

అంతే.
పదకొండు నెలల రాజ్యానికి
పునాదిలో నీళ్ళూరాయి.

ముడి సంగతి మరిచిపోయాడని రాశాను. కొట్టేశాను.
తాడు తడిసి బిగుసుకుందని రాశాను. కొట్టేశాను.
మాంత్రికుడొకడు అడ్డుపడ్డాడని రాసి,
వాడి పేరు కూడా పెట్టి,
సిగ్గేసి, వాణ్ణి చింపేశాను.

ఓడ ఇంజిను చూసే యూలో టీ కోసం వచ్చాడు,
గోళ్ళ నిండా గ్రీజు.
అంతా విని, చక్కెర కలుపుతూ,
"డీజిలెక్కడ పోస్తారు?" అన్నాడు.
"దేనికి?"
"నీ గాలికి. లోపల ఏదో ఒకటి తగలబడాలి కదా."

మంత్రాలకి జూనిపర్ కాయలు రాలవంటారు.
ఆ మాట సగమే.
రాలితే
ఏ కొమ్మ ఎండుతుందో ఎవరు చెప్పాలి?

ఆ రాత్రి ధర కట్టడానికి కూర్చున్నాను.
రక్తమా? అందరూ అదే అడుగుతారు.
ఆయుష్షా? అది ఎలాగూ కారిపోతూనే ఉంది.
తెల్లవారుజామున, ఐసు మీద మొదటి ఓడ కరకరలాడుతుంటే
దొరికింది.
ముడికొక మాట.
విప్పినప్పుడల్లా నోట్లోంచి ఒక మాట పోతుంది.
ఏది పోతుందో ముందు తెలియదు.
తర్వాత ఎవరు పలికినా
అతనికది వట్టి చప్పుడు.

మొదటి ముడి కుర్రతనంలో విప్పాడు, పందెం కోసం.
"ఉప్పు" పోయింది.
అప్పట్నుంచి భోజనం దగ్గర వేలు చూపిస్తాడు.
రెండోది, జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని
వైద్యుడి దీవికి చేర్చడానికి.
చేరింది. బతికింది. ముగ్గురు పిల్లల్ని కంది.
ఆమెని ఈనాటికీ
"ఏయ్, నిన్నే" అని పిలుస్తాడు.

మిగిలింది ఒకటి.
అందుకే తుఫానులో తెడ్డు వేశాడు.
ఒక్కో తెడ్డుకీ ఒక్కో మాట పైకి అనుకుంటూ,
దీపం, ఉల్లిపాయ, తమ్ముడు, మంచు,
ఉన్నవన్నీ లెక్కపెట్టుకుంటూ.
ఆ అధ్యాయంలో ఇప్పుడు మంత్రమెక్కడా లేదు.
తెడ్డు తెడ్డుకీ ఉంది.

మళ్ళీ శనివారం చదివాను.
ఊకు ఈల వేయలేదు.
"మూడోది విప్పుతాడా?"
"తెలీదురా."
నిజంగానే తెలీదు. తెలిస్తే రాసేదాన్ని కాదేమో.

ఓడ కూత పెట్టింది.
వాడు టోపీ చెవుల మీదికి లాక్కుని,
తలుపు దాకా వెళ్ళి, ఆగి,
"అత్తా" అన్నాడు.
ఏమిట్రా అన్నాను.
ఏం లేదన్నాడు.
మెట్లు దిగుతూ ఇంకోసారి, మెల్లిగా,
తనలో తనే, "అత్తా" అనుకున్నాడు.
ఇంకా ఉందో లేదో
చూసుకోవడానికి.