ముక్కుపొడి వేళ

పెళ్లైన మర్నాడే నాకు పేరు మార్చారు.
మా కొండల్లో అంతే,
కడుపు పండకముందే నోటిమాటతో తల్లిని చేసేస్తారు.
లిమకాత్సోని, మాపులెంగ్‌నయ్యాను:
పులెంగ్ అనే పిల్లకి అమ్మని.
పులెంగ్ అంటే వానలో పుట్టింది.
ఆ పిల్ల కడుపులోకి రావడానికి మూడేళ్లు పట్టింది.

నాలుగో నెలలో క్లినిక్‌కి నడిచివెళ్లాను.
గుర్రం బావగారిది, అడగలేదు.
బల్ల మీద పదకొండుమందిమి,
దుప్పట్ల కింద పదకొండు పొట్టలు.
బరువు, బీపీ, ఒంటేలు సీసా,
ఆఖర్న వేలి చివర ఒక పోటు.
గోరంత కిటికీలో ముందు ఒక గీత లేచింది.
నర్సు గడియారం చూసింది.
నేను గోడ మీద పాలిస్తున్న తల్లి బొమ్మని చూశాను,
ఆమె కాళ్లకి చెప్పులున్నాయి, బావున్నాయి.
మళ్లీ ఇటు తిరిగేసరికి
మొదటి గీత పక్కన, తోడికోడల్లా, రెండోది.

"బిడ్డకి రాకుండా చూసుకోవచ్చు" అంది నర్సు.
"రోజుకో మాత్ర, ఒకే వేళకి. పాలూ ఇవ్వచ్చు."
బిడ్డకి, బిడ్డకి అని నాలుగుసార్లంది.
నా సంగతి
నేనూ అడగలేదు.

మొసియువా వెల్కం గనిలో, భూమికి రెండు కిలోమీటర్ల కింద.
క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నాకో రేడియో, తల్లికో దుప్పటి తెచ్చాడు.
ఇంకేం తెచ్చాడో
అతనికే తెలిసుండదు. తెలుసేమో.
లేదా నేనేనేమో,
పెళ్లికి ముందు నాకూ ఒకడుండేవాడు.
ఆ లెక్క తేల్చబోతే తెల్లారిపోతుంది.

మాత్రల సీసా నడకకి గలగలమంటుంది.
క్లినిక్ గేటు దగ్గర ఒకావిడ, పేరు చెప్పలేదు,
చేతిలో దూది ముక్క పెట్టింది: "దాని నోట్లో కుక్కు."
కుక్కాను.
మొక్కజొన్న పిండి డబ్బాలో మోచేతి లోతున పాతాను.

ఏడింటికి రేడియోలో వార్తలు.
ఏడింటికే అత్తకి ముక్కుపొడి వేళ.
మామొసియువా డబ్బా పట్టుకుని
ఎంత చలైనా రాతి దడి వెనక్కి వెళ్లి నిలబడేది.
ఆ రెండు నిమిషాలే నావి.
దేవుడు నా కోసమే ఆమెకా అలవాటు అంటించాడనుకున్నాను.

పులెంగ్ ఆగస్టులో పుట్టింది.
వాన లేదు, మంచు.
పేరు మార్చలేదు.

ఆరో వారం, ఈసారి పోటు మడమకి.
అట్ట మీద రక్తపు చుక్కలు ఆరబెట్టి
మోటార్‌సైకిల్ మీద పంపుతారట, ఎక్కడికో.
అత్త కూడా వచ్చింది, బిడ్డని తనే వీపున కట్టుకుని.
మందుల కిటికీలోంచి కుర్రాడు మా ఇంటిపేరు పిలిచాడు.
లేచాను.
ఆమే లేచింది.
"ఇద్దరివీ ఒకేసారా?" అంటూ రెండు సీసాలు ఇటు జరిపాడు.

ఎండ పడుతున్న మెట్ల మీద కూచున్నాం. చాలాసేపు.
దుప్పటి మడతలోంచి ముక్కుపొడి డబ్బా తీసి
మూత తిప్పింది.
లోపల దూది.
రెండుగా చింపి నాకో సగం ఇచ్చింది.
"పన్నెండేళ్లు" అంది.
"ఇన్నేళ్లలో ఒక్కసారైనా తుమ్మానటే నేను?"

పులెంగ్ కాగితం ఇంకా రాలేదు.
లోయలో మోటార్‌సైకిల్ చప్పుడైతే
అత్తా నేనూ ఒకేసారి తలెత్తుతున్నాం.