ఆటగాళ్ళు సున్నా

గుంటూరు మిర్చి యార్డు వెనక, కోల్డ్ స్టోరేజీలో
పగలు టిక్కీల లెక్క రాసే సీపీయూకి
రాత్రయితే ఇంకో కొలువు.
ఘాటుకి దాని ఫ్యాను కూడా దగ్గుతుంది.

ఒక కంటైనర్. అందులో ఒక లోకం.
నలుగురం ఆడేవాళ్ళం.
ఇప్పుడు లాగ్‌లో ఒకటే మాట:
ఆటగాళ్ళు సున్నా.

కరెంటు పోయింది. కంటైనర్ చచ్చింది.
దాన్ని తీసేసి కొత్తది నిలబెట్టాను, ఒక్క కమాండుతో.
లోకాన్ని బయటి డిస్కులో దాచాను కదా,
గడ్డిపరక కూడా చెదరలేదు.

కొండవాలున కరీముల్లా కట్టిన గుడిసె.
తలుపు పెట్టడం మర్చిపోయాడు, వెధవ.
లోపల దివిటీ వెలుగుతూనే ఉంది.

పెళ్ళయింది, షిఫ్టు మారింది, ఏదో అయింది వాళ్ళకి.
మెషీను నెమ్మదించిందని ఓనరు సాంబిరెడ్డి గొణుగుడు.
రేపు ఆపేస్తానంటాను.

తెల్లారుజామున మూడింటికి
లాగ్‌లో కొత్త వరుస:
కరీముల్లా చేరాడు.

ఏమీ మాట్లాడలేదు.
తలుపు పెట్టి వెళ్ళిపోయాడు.