మిషన్ల నూనె పద్దు

రాయదుర్గంలో మా షెడ్డుకు నలభై రెండు మిషన్లు.
పైన రేకులు, పక్కన రేకులు,
నడుమ జీన్సు గుడ్డ దుమ్ము.
చీదితే నీలం, సాయంత్రం ఉమ్మితే నీలం.
పద్దుల్లో దానికి గడి లేదు.

నేను లెక్కలు రాసేవాణ్ణి.
పదకొండేండ్లుగా దారం కండెలు, జిప్పులు, గుండీలు,
కరెంటు బిల్లు, లారీ బాడుగ
అన్నీ పైసాతో సహా తేలుస్తాను.
తేలనిది ఒక్కటే.
శనివారం బట్వాడా అయిన షెడ్డులో
సోమవారం పొద్దున అన్ని మిషన్లు ఎందుకు మూగబోతాయి?

"సోమరితనం లేప్పా, ఇంకేముంది" అనేవాడు సంజీవప్ప సావుకారు.
నేనూ అదే రాసుకుంటూ పోయాను
నాగా, నాగా, నాగా.

ఒకరోజు మారెక్క చెప్పింది,
జీతం చీటీ మీద వేలిముద్ర వేస్తా, తలెత్తకుండా.
"మేము పొద్దన్నుంచి నీళ్ళు తాగేదే లేదన్నా.
తాగితే పోవల్ల గదా.
పోయేదానికి తావేదీ?"

రైలుకట్ట అవతలి తుమ్మచెట్లు గుర్తొచ్చాయి.
అక్కడికి పోవాలంటే చీకటి పడాలి.
చీకటి పడేదాకా బిగబట్టిన ఒళ్ళు
ఏదో ఒక సోమవారం మంచం పట్టకుండా ఉంటుందా?

ఆ రాత్రి ఒక తెల్ల కాగితం తీసుకున్నాను.
నొప్పిని నొప్పిగా చెబితే సావుకారు చెవిదాకా పోదు.
ఆయనకొచ్చిన భాష ఒకటే, నాకూ అదే అన్నం పెట్టింది.
అందుకని తర్జుమా చేశాను.

నీళ్ళమంట: నెలకు ముప్పై ఆరు పనిదినాలు.
చత్వారం: బెంగళూరు నుంచి తిరిగొచ్చిన ప్యాంట్లు నూటాపది,
ఆ పార్టీ మా రేటులో కోసిన రెండు రూపాయలు.
నడుమునొప్పి: మానేసిన ఎనిమిది మంది,
కొత్తవాళ్ళకు చెయ్యి తిరిగేలోపు పాడైన గుడ్డ, మీటర్లలో.
సూది దిగిన వేలు: ఒక రోజు, రెండు రోజులు,
షమీమ్‌ బీకి మాత్రం ఇరవై.

కూడితే వచ్చిన అంకె నమ్మలేక
కింది నుంచి పైకి ఇంకోసారి కూడాను.

"ఇంత పోతాందా నాకు?" అన్నాడు సావుకారు.
వాళ్ళకెంత పోతాందో
నా నోట్లోనే ఉంచుకున్నాను.

రెండు మరుగుదొడ్లు లేచాయి, లోపలినుంచి గడియతో.
బళ్ళారిలో ఎవరో వదిలించుకున్న వీపు కుర్చీలు వచ్చాయి.
గోడకు పెద్ద ఫ్యాన్లు, దుమ్మును బయటికి నెట్టేవి.
కంటి డాక్టరు ఒక ఆదివారం, పంతొమ్మిది కళ్ళజోళ్ళు.
పదకొండు గంటలకు బానెడు మజ్జిగ.
"తాగినోళ్ళు మళ్ళీ పోతారు, ఆ టైమూ నాదే గదా"
సావుకారు గొణుగుడు రెండు నెలలు ఆగలేదు.

నాలుగో నెల, ఒక సోమవారం,
తలెత్తకుండానే తెలిసిపోయింది నాకు.
చప్పుడులో సందు లేదు.
లెక్కబెడితే ముప్పై తొమ్మిది మిషన్లు.
ఏడాది తిరిగేసరికి
పెట్టిన రూపాయి, ఈనిన గొర్రె మాదిరి,
పిల్లను వెంటబెట్టుకుని దొడ్డికి వచ్చింది.

ఇప్పుడు టీ అంగడి కాడ సావుకారు
తక్కిన షెడ్లవాళ్ళకు పాఠం చెబుతాడు,
"ఒళ్ళు బాగుంటేనే మాలు బాగుంటాదప్పా."
చెప్పనీ. ఇంకో రెండు షెడ్ల వెనక
ఇటుకలు దిగినాయి.

గంగరత్న కళ్ళజోడు పెట్టుకున్న మొదటి రోజు
తను కుట్టిన కాలి మడతను వెలుతురుకు పట్టి చూసి
"ఓయమ్మా, ఇన్నేండ్లూ ఇంత వంకరగానా!" అని
పడీపడీ నవ్వింది.
ఆ నవ్వు ఏ గడిలో రాయాలో నాకు తెలీలేదు,
రాయలేదు.

తెలిసింది మాత్రం ఒకటుంది.
లాభం చూపించి తెచ్చిన మజ్జిగ ఇది.
లాభం తగ్గిన ఏడు
మొదట ఎండేది ఈ బానే.
అందుకే కొత్త పుస్తకం తెరిచిన రోజు
మజ్జిగను ధర్మం కింద రాయలేదు,
ఇతర ఖర్చుల కిందా రాయలేదు.
మిషన్ల నూనె పద్దులో కలిపేశాను.

ఎంత కరువొచ్చినా
సావుకారు కొట్టెయ్యని గీత
అదొక్కటే.